రాసినాయన్ని అడిగినవా?

ప్రేమ్‌సాగర్‌రావు గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరినీ అడగకుండా దేన్నీ కాపీ చెయ్యరు. అందులో వింతేముంది అంటారేమో. ఆయన జిరాక్స్ షాపు యజమాని.

కరీంనగర్ కోర్టు వెనక సందులో 'సరళా జిరాక్స్ అండ్ కంప్యూటర్స్' అని బోర్డు ఉండేది. సరళాదేవి ఆయన భార్య. బోర్డు మీద ఆమె పేరు వేయించే ముందు కూడా ఆమె దగ్గర కాగితం మీద సంతకం తీసుకున్నారని జనం చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. ఓ రోజు ఆయనే ఆ కాగితం తీసి చూపించారు. లామినేషన్ కూడా చేయించి పెట్టుకున్నారు.

డిగ్రీ చదివే వెంకటి ఒకసారి నోట్సు పట్టుకుని వచ్చాడు.

"ఎవరియి ఇవి?"

"మా క్లాసు అనసూర్యవి సార్."

"ఆమెను అడిగినవా?"

"నోట్సు ఇచ్చింది గద సార్!"

"సదువుకొమ్మని ఇచ్చింది. కాపీ తీసుకొమ్మన్నదా? పోయి తోలుకరా. ఆమెనే చెప్పాలె."

వెంకటి ముఖం పాలిపోయింది. ఆ అమ్మాయితో మాట్లాడే ధైర్యం లేకే, ఆమె తమ్ముణ్ణి బతిమాలి నోట్సు తెప్పించుకున్నాడు. మూడు రోజులు కాలేజీ గేటు దగ్గర నిలబడి, నాలుగో రోజు నోరు విప్పాడు. అనసూర్య షాపుకొచ్చి 'నాకు అభ్యంతరం లేదు' అని రాసిచ్చింది. రెండేళ్లకు వాళ్ల పెళ్లిపత్రిక కూడా అక్కడే అచ్చయింది. పత్రిక మీది పద్యం ఎవరు రాశారో తేలేదాకా మిషన్ కదల్లేదు. ముహూర్తం ముంచుకొస్తోందని పెళ్లికూతురి తండ్రి లబలబలాడితే, "పద్యం తీసేయుండ్రి, పెండ్లి ఆగదు" అన్నారట.

తొంభై నాలుగులో షాపులోకి కంప్యూటర్ వచ్చింది. ఆ రోజుల్లో తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌తో పాటు అగ్గిపెట్టెలో సగమంత తాళం ఒకటి ఇచ్చేవారు. దాన్ని కంప్యూటర్ వెనక బిగిస్తేనే తెలుగు కదులుతుంది. రావుగారు ఆ తాళానికి నల్లదారం కట్టి మెళ్లో వేసుకున్నారు. పొద్దున షాపు తెరిచి బిగించేవారు, సాయంత్రం ఊడదీసి మళ్లీ మెళ్లో వేసుకునేవారు.

"నా పుస్తెకన్న ఆయన మెడల డబ్బీకే మర్యాద ఎక్కువైంది" అనేవారు సరళాదేవి గారు.

ఎదురు షాపు అంజన్న అదే సాఫ్ట్‌వేర్‌ను తాళం విరగ్గొట్టిన ఫ్లాపీలో తెచ్చుకుని దర్జాగా నడిపించేవాడు.

"సారూ, జర గా తాయెత్తు తీసి మెడకు గాలి తగలనియ్యుండ్రి!"

"నీకు తాళం లేదు, నిద్ర లేదు. నాకు తాళమున్నది, నిద్ర ఉన్నది" అనేవారు ఈయన.

ఆ మరుసటేడు కాపీరైట్ చట్టానికి చేసిన సవరణలు అమల్లోకి వచ్చాయి. రచనను కంప్యూటర్లో దాచినా నకలు కిందికే వస్తుందని అందులో ఉందట. రావుగారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసుకున్నారు. అప్పటిదాకా జిరాక్స్ మిషన్‌కే ఉన్న జబ్బు కంప్యూటర్‌కూ అంటుకుంది.

దొంగ సాఫ్ట్‌వేర్ పట్టుకోవడానికి పోలీసులు ఒకసారి ఆ సందుకు వచ్చారు. క్షణంలో షట్టర్లన్నీ దిగిపోయాయి. ఒక్క రావుగారు మాత్రం అల్లుడొచ్చినంత సంబరపడి, చాయ్ తెప్పించి, మెళ్లో తాళం చూపించి, బిల్లుల ఫైలు విప్పి, వాళ్లను గంటన్నర కదలనివ్వలేదు. చివరికి ఎస్సై 'అన్నీ సక్రమం' అని రాసి, స్టేషన్‌కు ఒక జిరాక్స్ కావాలన్నాడు.

"రాసింది మీరే గద సార్? అయితే నకలు తీసుకోవచ్చని కింద ఒక ముక్క రాయుండ్రి."

"నేనే అడుగుతున్న గదనయ్యా!"

"నోటితోని అడిగిండ్రు. కాగితం మీద లేదు."

ఎస్సై టోపీ తీసి తల తుడుచుకుని, రాసిచ్చాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది నా ఎం.ఫిల్. వ్యాసం. రెండుసార్లు పెంచిన గడువు తొంభై ఆరు మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది. ఆలోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. అంజన్న ఫ్లాపీ ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు కాబట్టి రావుగారి దగ్గరికే వెళ్లాను. నా విషయం బాలమల్లు కథలు. ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తూ డెబ్భై ఒకటిలో ఒకే ఒక్క కథల పుస్తకం వేసిన రచయిత. అందులో అయిదు కథలు అనుబంధంగా చేర్చాలని మా గైడు గారి ఆజ్ఞ.

రావుగారు వ్యాసమంతా టైపు చేశారు. అనుబంధం దగ్గర ఆగారు.

"రాసినాయన్ని అడిగినవా బిడ్డా?"

ఎదురు చెప్పడం నాకు చేతకాదు. తలూపి బయటికొచ్చి, నేరుగా లైబ్రరీకి వెళ్లి, చట్టం పుస్తకం వెతికాను. చదువుకూ పరిశోధనకూ సొంతంగా వాడుకునేవారికి మినహాయింపు ఉంది! మర్నాడు ఆ పేజీ తెరిచి ఆయన బల్ల మీద పెట్టాను. నా జీవితంలో అంత పెద్ద తిరుగుబాటు అదే.

ఆయన పేజీ వైపు చూడనైనా లేదు.

"నాకెరుకే దేవకీ."

"ఎరుకేనా? మరి అందర్నెందుకు సార్ పరేషాన్ చేస్తరు?"

"అడుగొద్దని అందుల రాసిండ్రా?"

రాయలేదు. ఇక ఆఖరి మాట అనక తప్పలేదు.

"అడుగుదామంటే ఆయన లేడు సార్. పోయి పదమూడేండ్లాయె. మా గైడు సారు చెప్పిండు. మొదటి పేజీలనే 'కీర్తిశేషులు' అని రాసిన, మీరే టైపు చేసిండ్రు."

"ఆ ముక్క నేను టైపు చెయ్యలే. జాగా ఇడిసిపెట్టిన, నిన్ను అడుగుదామని" అంటూ రావుగారు బల్ల కిందనుంచి బిస్కెట్ల డబ్బా తీశారు. "పోయినోడు మొన్న సోమవారం కార్డెట్ల రాసిండు?"

డబ్బా నిండా పోస్టుకార్డులు. మందమర్రి పోస్టాఫీసు ముద్రతో, గుండ్రటి అక్షరాలతో, ముప్పై ఒక్క కార్డు. 'నా మూడో కథకు అనుమతి ఇస్తున్నాను. ఆ కథ రాసినప్పుడు నాకు రెండో షిఫ్టు...' 'పదకొండో కథకు అనుమతి. ఈ కథ ఎవరికీ గుర్తుండదనుకున్న...' ఆరేళ్ల కింద ఎవరో విద్యార్థి ఆయన కథ ఒకటి జిరాక్స్‌కు తెస్తే, వెనక అట్ట మీది చిరునామాకు రావుగారు మొదటి కార్డు రాశారట.

"పుస్తకంల ఉన్నయే పద్నాలుగు కథలు గద సార్. ముప్పై ఒకటెట్లయినయి?"

"కథలు ఒడిసినంక పేజీల లెక్కన అడుగుతున్న."

"అన్నిటికి కలిపి ఒక్క కార్డు సాలదా?"

"సాలు. కని ఆయనకు ఒక్కనాడే పండుగైతది."

ఆయన కథల మీద రెండేళ్లు పని చేసిన నేను ఆయనకు ఒక్క కార్డు రాయలేదు. పైగా చంపేశాను.

"ఇవన్ని జిరాక్స్ కోసం. నీ వ్యాసానికి నువ్వే అడగాలె. కార్డు రాస్తె గడువుకు అందదు. నడువు, పోయి అడుగుదాం" అన్నారు.

మర్నాడు మంచిర్యాల మీదుగా మందమర్రి చేరాం. బాలమల్లు గారు పెంకుటింటి ముందు మంచంలో కూర్చుని ఉన్నారు. బక్కగా, హుషారుగా ఉన్నారు. నేను చేత్తో రాసుకున్న మొదటి పేజీ ఇచ్చి, తప్పు ఒప్పుకున్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు.

"ఏ సాల్ల పోయిన్నని రాసినవ్?"

"ఎనభై మూడుల..."

"గప్పుడే రిటైరైన. శానా తప్పేం రాయలే తియ్!"

లోపలినుంచి ఆయన భార్య ఎల్లక్క కేకేసింది. "పోయినోనికి చాయ పొయ్యాల్నా, ఒద్దా?"

"పొయ్యి. చక్కెర జర ఎక్కువెయ్యి. పోయినోనికి చక్కెర బీమారి ఉండదు!"

అయిదు కథలకూ అయిదు అనుమతులు విడివిడిగా రాసిచ్చారు. రావుగారు బస్సు సంగతి కనుక్కోవడానికి వీధిలోకి వెళ్లగానే, ఆయన నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పారు.

"యూనియన్ ఆఫీసుల చట్టం సూసిన బిడ్డా. సదువుకునేటోళ్లకు మా పర్మిషన్ అక్కర్లేదట. గా సారుకు చెప్పకు. పాపం, అడుగుడంటె ఆయనకు పాణం. జవాబు రాకపోతె మనసు చిన్నబుచ్చుకుంటడు."

(ఇప్పుడు రాస్తే తప్పు లేదు. ఏడాది తిరక్కుండానే ఒకరి గుట్టు ఒకరికి తెలిసిపోయింది. కార్డులు మాత్రం ఆగలేదు. నా వ్యాసం కూడా గడువుకు ఒక రోజు ముందే చేరింది.)

తిరుగు బస్సులో రావుగారు చాలాసేపు ఓపిక పట్టారు. గోదావరి దాటాక ఇక ఆగలేకపోయారు.

"చెవుల ఏమన్నడు బిడ్డా?"

"ఆయన్ని అడగకుంట ఎట్ల చెప్పుడు సార్?"

ఆయన నావైపు తేరిపార చూశారు. తర్వాత జేబులోంచి పోస్టుకార్డు తీసి, మోకాలి మీద పెట్టుకుని, బస్సు కుదుపుల్లోనే రాయడం మొదలుపెట్టారు. 'శ్రీ బాలమల్లు గారికి, మీరు చిరంజీవి దేవకి చెవిలో చెప్పిన ఒక మాట వినుటకు మీ అనుమతి కోరుతూ...'