ఆరని లక్క

మా తమ్ముడు బ్రహ్మయ్య ఎంత పెద్ద ఇంజనునైనా ఒక్క పూటలో విప్పేసేవాడు. మళ్ళీ బిగించేటప్పుడు నూనె కారకుండా అతుకుల మధ్య ఏం పూయాలో మాత్రం వాడికి ఓ పట్టాన తేలేది కాదు. లక్కా, తెల్లరంగు సఫేదా ముద్దా, గ్రీజు రాసిన అట్టా? పెళ్ళికూతురిని కూడా వాడు అంతలా ఎంచలేదు.

రేపల్లెలో మా వసారానే వాడి షెడ్డు. ఒకసారి స్పిరిట్టులో కరిగించిన లక్కను, పరీక్షకంటూ నా గోంగూర జాడీ మూతకు పూశాడు. బాపట్ల వియ్యాలవారు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మూత పట్టుకుని లాగితే జాడీ మొత్తం పైకి లేచింది.

"చూశావా అక్కా, చుక్క బయటికి రాదు!"

"గోంగూర కూడా రాదు కదరా, నీ లక్క తగలెయ్య!"

అరవై ఏడో, ఎనిమిదో సంవత్సరంలో కాలవలో నీళ్ళు తగ్గాయి. పెనుమూడి వైపు కాలవ చివర అరెకరం చేసుకునే వరమ్మ మా వసారాలో కూలబడి ఏడ్చింది. మొగుడు లేని మనిషి, ఆ వడ్లే ఏడాది తిండి.

"చేను పొట్టమీదుంది వదినా, ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు. ఎగువన బసవేశ్వరరావుగారి ఇంజను అంతా తోడేస్తోంది. ఆయన చేలో మోకాలిలోతు నీళ్ళు, నా చేలో నెర్రెలు."

మర్నాడే ఆ ఇంజను నూనె కారుతోందని బండిమీద మా ఇంటికొచ్చింది. బ్రహ్మయ్య విప్పాడు. లక్క పూశాడు, గీకేశాడు. సఫేదా పూశాడు, అదీ గీకేశాడు. అట్ట కోసమని తెనాలి రైలెక్కాడు. బసవేశ్వరరావుగారు రోజూ వచ్చి అరవడం, నేను కాఫీలు పోయడం.

"ఏంటమ్మా, మీ తమ్ముడు ఇంజను బాగుచేస్తున్నాడా, బొమ్మకు రంగులేస్తున్నాడా?"

"మీరైనా అడగండి. అడిగడిగి నా నోరు నొప్పెట్టింది."

ఇంతలో వరమ్మ నవ్వుకుంటూ వచ్చింది. "నీళ్ళొచ్చాయి వదినా! ఆ ఇంజను మీ ఇంట్లో పడుకుందిగా, కాలవ మా దాకా పారుతోంది. ఇంకో రెండ్రోజులు పారితే గట్టెక్కినట్టే."

నేను తమ్ముడి వైపు తిరిగాను. వాడు మళ్ళీ లక్క పూస్తున్నాడు.

"ఒరేయ్, నిజం చెప్పు. ఏది మంచిది?"

"లక్కే అక్కా. మొదటి పూతే రాయిలా ఆరింది."

"మరెందుకు గీకావురా?"

వాడు చెవి గోక్కుంటూ పెరట్లోకి జారుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బసవేశ్వరరావుగారు దిగారు. వాడు లేడు.

"ఇవాళైనా ఆరిందామ్మా?"

బొటనవేలితో నొక్కి చూశాను. రాయే.

"అబ్బే, ఇంకా జిగురేనండి."

ఆయన చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి! మీ వేలు పడిందంటే మళ్ళీ మొదట్నించీ పూయాలి!"

ఆయన చప్పున చెయ్యి తీసి లాల్చీ జేబులో దాచుకున్నారు.