పధ్నాలుగు కిలోమీటర్ల గాలి

ఒక ప్రొపెల్లరు, రెండు రెక్కలు, మూడు చక్రాలు, నలభై ఒక్క ఏళ్ల సురేంద్ర. మొదటి ప్రమాదంలో పోయినవి ఇవి. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. కొలిచినదాన్నే నమ్మే మనిషిని.

పెనుకొండ బయట ఒక ప్రైవేటు రన్‌వే మీద ఇద్దరు కూర్చునే చిన్న విమానం తిప్పేవాళ్లం. సురేంద్ర పైలట్. నేను చదివింది పదో తరగతే. లెక్కలు సొంతంగా నేర్చుకుని, ప్రతి ల్యాండింగుకూ చేతి మీటరుతో గాలి కొలిచి పుస్తకంలో రాసేవాణ్ని.

విమానం గాలికి ఎదురుగా దిగాలి. వెనక నుంచి గాలి తోస్తే త్వరగా ఆగదు. ప్రమాదం జరిగిన మధ్యాహ్నం గాలి గంటకు పధ్నాలుగు కిలోమీటర్లు. ఎదురుగాలికి దిగితే విమానం అవతలి కొసన ఆగుతుంది. మా ఓనరుకేమో అది షామియానాలోని అతిథుల ముందు ఆగాలి. అంటే గాలి వెనక నుంచి తోస్తుండగా దిగాలి. అది వద్దని సురేంద్ర రేడియోలో చెప్పాడు.

"ఏమబ్బా, ఈ మాత్రం గాలికే భయమా? మీ ఇంట్లో నేసిన చీరే కట్టుకోపో" అన్నాడు ఓనరు.

సురేంద్ర ఓనరు చెప్పిన వైపే దించాడు. విమానం షామియానా దాటి, రన్‌వే దాటి, గుంతలో తలకిందులైంది.

సాయంత్రం ఓనరు నా పుస్తకం తెరిచాడు. "14లో ఆ ఒకటి చెరిపేయప్పా. ఒక గీతే కదా."

చెరిపాను. నాలుగు కిలోమీటర్ల గాలికే పడ్డాడంటే తప్పు పైలట్‌దేనని విచారణలో తేల్చేశారు.

ధర్మవరంలో మగ్గం నేసే సురేంద్ర భార్య నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఆ పొద్దు గాలి ఎంత ఉండాదో నీకు తెలుసు కదా. మా ఆయనకు దించడం చేతకాలేదంటాండారు." నేను పుస్తకం సొరుగులో పెట్టి తాళం వేశాను.

కొత్త విమానాన్ని వేరే పైలట్లు అరవై రెండు సార్లు దించారు. ఏమీ కాలేదు. ఓనరు తానే రెండుసార్లు దించాడు. రెండుసార్లూ ఎదురుగాలే, మీటరులో నాలుగే. అయినా ఎవరో తోసినట్టు విమానం ఆగకుండా పోయి అదే గుంతలో పడింది. మొదటిసారి ముందు చక్రం, అతని పళ్లు మూడు. రెండోసారి కుడి కాలు, మోకాలి కింద నుంచి. నాకు జాలి కలగలేదు. అదీ రాయాలి.

చక్రాల జాడలు టేపుతో కొలిచి లెక్క కట్టాను. వెనక నుంచి పధ్నాలుగు కిలోమీటర్ల గాలి ఉంటేనే అంత దూరం పోతుంది. రెండుసార్లూ పధ్నాలుగే. హిందూపురంలో మీటరు చూపించాను. ఏ లోపమూ లేదన్నారు. ఆ గాలి ఎక్కడిదో నేను ఈరోజుకీ చెప్పలేను.

ఆసుపత్రి మంచం మీది నుంచి ఓనరు ఫోన్ చేశాడు. "ఆ ఒకటి మళ్లీ రాసేయప్పా, నీకు దండం పెడతా."

రాస్తే చెరిపింది నేనేనని బయటపడుతుంది. పెన్ను తీశాను, మూత పెట్టేశాను. ఓనరు ఇక విమానం ఎక్కలేడు. ఆ పేజీ కింద సంతకం మాత్రం నాది.

సురేంద్రకు నేను ఇప్పటికీ పది కిలోమీటర్ల గాలి బాకీ.