తెలుపు మిగలని బొమ్మ

ఆఫీసులో అందరూ ఆయన్ను సాగదీత బాబాయ్ అనేవారు. సాగదీత మాటల్లో కాదు, బొమ్మల్లో. నక్షత్రాల మీద పరిశోధన చేసే సంస్థలో గోడలకు పెట్టే పోస్టర్లు అచ్చువేయడం ఆయన పని. కాగితం అంచున వేలెడు తెలుపు మిగిలినా ఆయన ప్రాణం ఒప్పేది కాదు. బొమ్మను అటు కాస్త ఇటు కాస్త లాగి కాగితం నింపేవారు. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఫొటో స్టూడియోలో చేసిందీ అదే. పోయినవాళ్ల చిన్న ఫొటో తెచ్చి పెద్దది చేయమంటే చట్రం నిండా సాగదీసి ఇచ్చేవారు. మొహం వెడల్పయిందని ఎవరూ తగాదాకు రాలేదు. మనిషి కాస్త ఒళ్లు చేసినట్టుందని సంతోషించినవాళ్లు కూడా ఉన్నారు.

సంస్థలో పెద్దసారుకు ఒక సొంత సిద్ధాంతం ఉంది. కృష్ణబిలం పక్కనుంచి పోయే వెలుగు దాని లాగుడికి వంగి, చుట్టూ ఉంగరంలా కనబడుతుందట. పాత సిద్ధాంతం ప్రకారం ఆ ఉంగరం ఇంచుమించు గుండ్రంగా ఉండాలి. గురుత్వాకర్షణ గురించి లోకమంతా చదువుకున్నది తప్పనీ, అసలు ఉంగరం కోడిగుడ్డులా పక్కలకు సాగి ఉంటుందనీ పెద్దసారు పదకొండేళ్లుగా చెబుతున్నారు. ఆకాశం మాత్రం ఆయన మాట వినడం లేదు.

ఆ వారం టెలిస్కోపు తీసిన ఒక కృష్ణబిలం కొత్త బొమ్మ వచ్చింది. బాబాయ్ అచ్చువేసి వరండా గోడకు మేకులతో బిగించారు. దారినపోతున్న పెద్దసారు ఆగారు. కంప్యూటర్ ముట్టుకోవడం శిష్యుల పని గనుక, జేబులోంచి స్కేలు తీసి గోడమీదే కొలిచారు. నిలువుకన్నా అడ్డం రెండు అంగుళాలు ఎక్కువ!

"చూశారా! నేను చెప్పలా?" అని వరండా అదిరిపోయేలా కేకేశారు. శిష్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. మర్నాడు పదకొండింటికి విలేకరులను పిలిచారు.

సాయంత్రం పెద్దసారు దగ్గర పరిశోధన చేసే అమ్మాయి ఒకతె అచ్చుగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బాబాయ్, నిజం చెప్పండి. ఆ బొమ్మని లాగారా?"

"లాగకుండా ఎప్పుడైనా వేశానా తల్లీ?"

"అయ్యో! అయితే మీరే వెళ్లి సారుకి చెప్పండి."

"నువ్వు చెప్పకూడదూ? చదువుకున్నదానివి."

"నా పట్టా కాగితాల మీద సంతకం ఆయనే పెట్టాలి."

"నా ఉద్యోగం పొడిగింపు కాగితం మీదా ఆయనే పెట్టాలమ్మా. బల్ల మీదే ఉంది. సోమవారానికి సంతకం పడకపోతే నేనింక ఇంటికే."

బాబాయ్ ఇంటికెళ్లి తాళం తీస్తే ఎదురుగా భార్య ఫొటో. ఆవిడ పోయినప్పుడు ఆయనే చేశారు. చట్రంలో చుట్టూ బోలెడు తెలుపు మిగిలింది. అలవాటుకొద్దీ లాగబోతే ఆ మొహం ఆవిడది కాకుండా పోయింది. ఇక చెయ్యి ఆడక ఉన్నదున్నట్టే వదిలేశారు. ఆ సాయంత్రం చెప్పులైనా విప్పకుండా దానిముందు చాలాసేపు నిలబడిపోయారు.

పొద్దున్నే వెళ్లి బొమ్మను అసలు కొలతల్లో మళ్లీ అచ్చువేసి, పెద్దసారు బల్లమీద పరిచారు.

"నిన్నటిది నేను సాగదీసిందండి. అసలు బొమ్మ ఇదీ."

"సాగదీయడమేంటయ్యా?"

"అంచున తెలుపు మిగిలితే బాగుండదని..."

పెద్దసారు స్కేలు తీశారు. నిలువు కొలిచారు. అడ్డం కొలిచారు. స్కేలు తిరగేసి మళ్లీ కొలిచారు. ఎటు కొలిచినా ఉంగరం లొంగలేదు.

"కొంప ముంచావు కదయ్యా! ఈ మాట రేపు చెబితే నీ సొమ్మేం పోయేది?"

"రేపటికి పేపర్లో పడిపోయేది సార్."

పదకొండింటికి పెద్దసారు తొణక్కుండా విలేకరుల ముందు కూర్చున్నారు. తన సిద్ధాంతంలో ఒక్క అంకె మారిస్తే చాలు, ఉంగరం గుండ్రంగానే వస్తుందన్నారు. వాళ్లు టీ తాగి, కలం తెరవకుండానే వెళ్లిపోయారు.

తర్వాత పెద్దసారు బాబాయ్ పొడిగింపు కాగితం తీశారు. 'ఏడాది' అన్నచోట కొట్టేసి 'మూడు నెలలు' అని రాసి సంతకం గీకారు.

"ముందు బయట ఆ దరిద్రాన్ని దించు."

బాబాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వరండాలో స్టూలెక్కారు. శిష్యులంతా చుట్టూ మూగారు.

"నాకు మొదట్నుంచీ అనుమానమే బాబాయ్" అన్నాడొకడు.

"నేనైతే చూడగానే కనిపెట్టేశా" అన్నాడింకొకడు.

"అలాగా నాయనా! అయితే ఈ స్టూలు కాస్త గట్టిగా పట్టుకోండి. కాలు ఊగుతోంది" అన్నారు బాబాయ్.