బావిలో జానెడు నీళ్లు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నా మొదటి ఉద్యోగం సర్వే. ఏన్కూరు అవతల అడవి అంచు ఊళ్లో మా సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధించి చెక్‌డ్యాం కట్టించారు. దానివల్ల బావిలో నీళ్లు పెరిగాయా లేదా అని కొలవడం నా పని. మూడుసార్లు వెళ్లినా అడుగున బండే కనిపించింది.

నాలుగోసారి ముందే కబురుపెట్టి మా పెద్దసారును వెంటబెట్టుకు వెళ్లాను. టేపు దించితే జానెడు నీళ్లు! అదీ నడివేసవిలో! పెద్దసారు నా భుజం తట్టారు.

అంతలో ఖాళీ బిందెతో ఆ ఊరి సమ్మక్క వచ్చింది. "సరిపోయినయా సారూ? ఇంకో నాలుగు బిందెలు తెమ్మంటవా?"

టేపు చుట్టబోతున్నవాణ్ని ఆగి అడిగాను. "ఎక్కణ్నుంచి?"

"వాగు నుంచి. పొద్దుగాల్నుంచి ఆడోళ్లందరం మోసి పోసినం. వచ్చినప్పుడల్లా బావిల జూసి మొకం మాడ్చుకుంటవ్. పెద్దసారు ముంగట నీ ఇజ్జత్ పోవద్దని."

"కొలతంతా పాడుచేశారు కదమ్మా!" అని తల బాదుకున్నాను.

"మరి ఇంత దూరమొచ్చినోళ్లకు ఖాళీ బావి చూపెట్టి పంపుతమా?" అని ఆమే నన్ను కసిరింది.

పెద్దసారు వెళ్లి జీపెక్కారు.

ఆడవాళ్లకు వాగుదాకా నడిచే బాధ తప్పాలనే ఆ చెక్‌డ్యాం కట్టించింది. దానివల్ల ఊరికేం ఒరిగిందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ మా మీద నాకే చిర్రెత్తుకొస్తుంది. ఆ రోజు వాళ్లు తమ నీళ్లతో పాటు మా నీళ్లూ మోశారు.