తూములో గోనెసంచులు

తడిసిన గోనెసంచి వాసన తగిలితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కనగానపల్లి దగ్గర మా ఊరికి ఎగువన, వంక పొంగి ఊరి మీద పడకుండా చిన్న మట్టికట్ట వేశారు. దాని అడుగున తూము ఉండేది, ఆ తూముకి తలుపే లేదు. వాన పడిన రెండు రోజులకే కట్ట వెనక నీళ్లన్నీ వెళ్లిపోయేవి. కట్ట పక్కనే మా వేరుశనగ చేను ఎండుతూ ఉండేది.

"నీళ్లు ఇడిసిపెట్టేకి కట్ట యాల కట్టినారో!" అని అవ్వ రోజూ తిట్టేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒకసారి వాన వెలిశాక అవ్వా నేనూ వెళ్లి, గోనెసంచుల్లో బంకమట్టి నింపి తూములోకి కుక్కేశాం. తెల్లారేసరికి నడుములోతు నీళ్లు నిలిచాయి. అవ్వ వాటికి దండం పెట్టింది.

అంతలో నాయన వచ్చి, నీళ్లలో దిగి సంచులు పీకేశాడు.

"నీళ్లు నిలిస్తే మన చేన్లో బాయి ఊరుతాది గదరా, ఉండనీ!" అంది అవ్వ.

"ఇప్పుడే నిండిపోతే రేపొచ్చే నీళ్లు యాడ నిలుస్తాయమ్మా? ఊర్లోకే వస్తాయి. ఇది ఖాళీగా ఉండాల్సిందే."

ఖాళీగా ఉండటానికి కట్ట దేనికో నాకు అర్థం కాలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన మా చేను గట్టు వదిలేసి చుట్టుదారిలో నడిపించాడు. ఆ నడకకీ కోపం వచ్చింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఏడు వరద రానేలేదు. చేను మాత్రం ఎండిపోయింది.

నాయన చేసింది సరైనదే. ఆ చేను ముఖం చూడలేకే చుట్టూ తిరిగి వచ్చాడని కూడా ఇప్పుడు తెలుసు. ఈ కోపం ఎవరి మీద చూపాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.