పసుపు మొకం బొమ్మ

మా బాపుకు కోపమొస్తే చేతిలో ఏముందో చూసుకోడు. ఇబ్రహీంపట్నంలో మటన్ దుకాణం నడిపే మనిషి చేతిలో ఎప్పుడూ ఏముంటుందో వేరే చెప్పాలా? నేను బొమ్మల కాలేజీలో చేరతానన్న రోజు ఆ కత్తి నా చెవి పక్క నుంచి పోయి తలుపులో దిగింది. ఆ గంటు ఇంకా ఉంది. నేను కాలేజీలో చేరాను. ఆయనకు పుట్టినదాన్నే కదా, మొండితనం ఎక్కడికి పోతుంది?

నేను వేసేవి మనుషుల బొమ్మలు. లావు నల్లగీత, దాని లోపల నీడల్లేని చదును రంగులు. గులాబీ, చిలకపచ్చ, నిమ్మపండు పసుపు. దేవుళ్ల క్యాలెండరుకూ సబ్బు డబ్బాకూ పెళ్లి చేస్తే పుట్టినట్టున్నాయని సిటీలో ఒకాయన అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తెలియలేదు, ఏదైనా సరేలే అనుకున్నాను. వాటిని స్క్రీన్ మీద అచ్చు తీస్తాను. చెక్క ఫ్రేముకు బిగించిన సన్నని గుడ్డ మీద రంగు పోసి రబ్బరు పలకతో లాగితే, కింద కాగితం మీద మనిషి పడతాడు. పెళ్లి కార్డులు కొట్టేదీ అట్లాగే. తేడా ఒక్కటే. నేను పన్నెండు అనుకుంటే పన్నెండే కొడతాను. ఒక్కోదాని కింద పెన్సిల్‌తో అంకె వేసి, సంతకం పెట్టి, స్క్రీన్‌ను కోసి పారేస్తాను. ఇంకొకటి కావాలని ఎవరు కాళ్లు పట్టుకున్నా ఇక లేదు.

బాపు బొమ్మ వేస్తానంటే ముందు తిట్టాడు. తర్వాత మీసం దువ్వుకొని కూర్చున్నాడు. ముందు మాంసం కొట్టే మొద్దు, మొద్దు మీద చెయ్యి, చేతిలో కత్తి. పన్నెండు కాగితాలకూ పన్నెండు రకాల రంగులు వేశాను. ఒకదాంట్లో మీసం ఆకుపచ్చ, ఒకదాంట్లో బనీను గులాబీ, ఒకదాంట్లో ముఖం నిమ్మపండు పసుపు. తాడు మీద ఆరేసిన తన పన్నెండు మొకాల కింద నిలబడి ఆయన చాలాసేపు చూశాడు.

“పన్నెండే ఎందుకే? గిరాకి ఉంటే ఇంకొన్ని గుద్దు.”

“గట్ల గుద్దితే ఇలువ ఉండదు బాపు.”

“నా మొకానికి ఇలువేందే? మేక తలకాయకు ఉంటది ఇలువ.” పసుపు ముఖం దగ్గర ఆగాడు. “గిదేంది, కామెర్లొచ్చినోని లెక్కున్న?”

స్క్రీన్ కోసెయ్యాలని చెబితే ఆయన కళ్లు మెరిశాయి. “దా, కోసుడు నా పని.” ఫ్రేమును మొద్దు మీద నిలబెట్టి, తన నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క గీటున చీల్చి, పకపకా నవ్వాడు. తన ముఖాన్ని తానే అంత సంబరంగా కోసుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ మొద్దు సంగతి చెప్పాలి. అది మా తాత చింతమాను నుంచి కోయించిన మొద్దు. నడుమ్మీదికి వస్తుంది, నలుగురు కలిస్తే గాని కదలదు. తాత ఉన్నప్పుడు బాపు, చిన్నాయన దానికి చెరోవైపు నిలబడి కొట్టేవాళ్లు. ఒకరి కత్తి లేచినప్పుడు ఒకరిది దిగేది. దసరా పొద్దున మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అన్న తన కత్తిని చేతిలో పట్టుకొని తమ్ముడి ముందు నిలబడాలి. తమ్ముడు కుంకుమ తీసి ఆ కత్తికి బొట్టు పెట్టాలి. ఆ తర్వాతే మొదటి మేక. తమ్ముడు బొట్టు పెట్టని కత్తి మనిషిని కోరుతుందని తాత అనేవాడు.

తాత పోయాక దుకాణం పంచుకోవచ్చు గాని మొద్దును ఎట్లా పంచుకుంటారు? ఇద్దరికీ అదే కావాలి. మాటా మాటా పెరిగి, దుకాణం ముందే, గిరాకీల ముందే చిన్నాయన గడ్డపార తిప్పాడు. బాపు భుజం ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. కింద పడి కూడా బాపు ఆయన కాలు పట్టి లాగి, మెడ దొరకబుచ్చుకొని, ముఖాన్ని రోడ్డుకేసి రుద్దాడు. విడదీయడానికి పోయిన వాళ్లకు కూడా దెబ్బలు తగిలాయి. మొద్దు బాపుకే మిగిలింది. చిన్నాయన రోడ్డుకు అవతలి వైపు, సరిగ్గా ఎదురుగా చికెన్ సెంటర్ పెట్టాడు. ఊరంతా ఖాళీ ఉంటే అక్కడే ఎందుకు పెట్టాలి? పగ కోసమని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ తర్వాత ఆరేడు దసరాలు బాపు కత్తికి బొట్టు లేదు. తానే పెట్టుకోవచ్చు, నన్ను పెట్టమనొచ్చు. ఒకసారి నేను కుంకుమ భరిణె తెస్తే చేతి మీద కొట్టాడు. కుంకుమంతా నేలపాలైంది.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య. మగాళ్లు కొట్టుకున్నా మేం మాట్లాడుకోవడం మానలేదు. బాపు బొమ్మలు సిటీలో చూపించి వచ్చాక కొన్ని మిగిలాయని తెలిసి, చిన్నమ్మ ఒకటి అడిగింది. “మీ చిన్నాయన అడగమన్నడు. నేనడిగినట్టు చెప్పమన్నడు,” అని కూడా చెప్పేసింది. ఆమె కడుపులో మాట దాగదు. నేను ఇంట్లో బొమ్మలు తిరగేస్తుంటే బాపు గుమ్మంలోంచి చూశాడు. ఎవరికని అడగలేదు. ఆయనకు తెలుసు.

“ఆ పసుపు మొకందియ్యి,” అన్నాడు. “ఆనికి కామెర్ల మొకమే సాలు.”

ఇయ్యొద్దని అనలేదు. అది నాకు చాలనిపించింది. ఈ ఇద్దరూ ఒకరినొకరు చంపుకోకుండా ఒక్కసారి ఒకచోట నిలబడితే చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పసుపు ముఖాన్ని గొట్టంలా చుట్టి రోడ్డు దాటి ఇచ్చి వచ్చాను.

దసరా నాడు మటన్ దుకాణాలు చీకటితోనే తెరుస్తారు. ఆ దసరాకు బాపు నా కన్నా ముందు నడిచి పోయాడు. నేను స్కూటీ మీద సంచులు, కవర్లు పెట్టుకొని వెనక వస్తున్నాను. దూరం నుంచే కనిపించింది. మా షట్టర్‌కు బాపు వేలాడుతున్నాడు. పసుపు ముఖం, అద్దం ఫ్రేము, చుట్టూ బంతిపూల దండ. కింద షట్టర్ సందులో ఊదుబత్తీలు పొగ విడుస్తున్నాయి. రోడ్డు మీద పాలవాడు బండి ఆపి, బొమ్మలో ఉన్న మనిషినీ ఎదురుగా నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

మన ఇళ్లల్లో మనిషి ఫోటోకు దండ ఎప్పుడు వేస్తారో పిల్లలకు కూడా తెలుసు. మా అమ్మ ఫోటోకు ప్రతి శుక్రవారం బాపే వేస్తాడు. తన ముఖం మీద అదే దండ చూసి ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు. తిట్లన్నీ అయ్యేలోపు ఎవరైనా ఆపొచ్చు. సంచిలోంచి కత్తి తీసుకొని, రోడ్డు దాటడం మొదలుపెట్టాడు.

నేను స్కూటీని పడేసి ముందు బొమ్మ దగ్గరికి ఉరికాను. దాన్ని తీసేస్తే అంతా ఆగిపోతుందన్నట్టు, ఏమో ఎందుకో. దండ పట్టి లాగాను. బొమ్మలో బాపు నుదురు శుభ్రంగా ఉంది. దండ కింద, బొమ్మలో ఆయన చేతిలో ఉన్న కత్తి మీద, అద్దం పైన, నిండుగా కుంకుమ బొట్టు. కత్తికి మాత్రమే. ఫ్రేము మూలన రెండు జమ్మి ఆకులు.

చచ్చినవాడికైతే బొట్టు నుదుటికి పెడతారు. చిన్నాయన అన్న కత్తికి బొట్టు పెట్టాడు. ఎదురుగా వచ్చి పెట్టే మొకం లేక, బొమ్మలో కత్తికి పెట్టాడు. పండుగ కదా అని దండ కూడా వేశాడు, దుకాణాల్లో తరాజుకు, గల్లాపెట్టెకు వేసినట్టు. ఆ మనిషికి దండ వేయడం తెలుసు గాని, అది ఇంకో కంటికి ఎట్లా కనిపిస్తుందో తెలియదు.

“బాపూ! బొట్టు కత్తికి పెట్టిండు! నీ కత్తికే పెట్టిండు!” అని అరుచుకుంటూ రోడ్డు దాటాను.

అప్పటికే ఆలస్యమైంది. చిన్నాయన చికెన్ సెంటర్ ముందు నిలబడి ఇటే చూస్తున్నాడు. చీకట్లో వచ్చి బొమ్మ వేలాడగట్టి, అన్న ఏమంటాడోనని ఎదురుచూస్తున్నాడు. అన్న కత్తి పట్టుకొని తన వైపు రావడం చూశాడు. మా ఇంట్లో దసరా పొద్దున అన్న కత్తి పట్టుకొని తమ్ముడి దగ్గరికి వచ్చేది ఒక్క పనికే. చిన్నాయన నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను. చేతిలోని భరిణెలో వేలు ముంచి, కుంకుమ చెయ్యి ముందుకు చాపాడు.

బాపు ఆ చేతి మీద కొట్టాడు.

రెండు వేళ్లు పోయాయి. కోడి బోనుల మీద రక్తం చిమ్మింది, లోపల కోళ్లు రెక్కలు కొట్టుకున్నాయి. చిన్నాయనకు నొప్పి ఇంకా తెలియలేదు. చేతిని చూసుకొని, అన్నను చూసి, “పండుగ గదనే అన్నా,” అన్నాడు. బాపు కత్తి రెండోసారి లేచింది. నా అరుపు అప్పుడు ఆయనకు చేరింది. కత్తి పైనే ఆగింది. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి చూసి, అరవకుండా, చెప్పు తీసి బాపును ముఖం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టింది. జీవితంలో ఎవరి దెబ్బా ఊరికే తినని మనిషి తల వంచుకొని నిలబడ్డాడు. ఆపాలని నాకూ అనిపించలేదు. ఆ క్షణంలో చెప్పు నా చేతిలో ఉంటే నేనూ కొట్టేదాన్ని.

హయత్‌నగర్ దవాఖానకు ఆటోలో తీసుకుపోయాం. పోయేదారంతా చిన్నాయన చేతిని నా చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. తెగిన వేళ్లు పనికి రావన్నారు. ఎట్లా జరిగిందని డాక్టరు అడిగాడు.

“కోడిని కోస్తుంటే కత్తి జారింది సారూ,” అన్నాడు చిన్నాయన.

“కుడిచేతి వేళ్లు తెగినయ్. మరి కత్తి ఏ చేతిల ఉండె?”

“పండుగ గద సారూ. జర తాగి ఉన్న.”

ఆయన ఆ పొద్దున మంచినీళ్లు కూడా తాగలేదు. కేసు పెడదామని చిన్నమ్మ పట్టుబట్టింది. పెట్టాల్సిందేనని నేనూ అన్నాను. కన్నతండ్రి మీద ఆ మాట అనడానికి నాకేం సిగ్గనిపించలేదు. చిన్నాయన మాత్రం పోలీసులకు కూడా కోడి మాటే చెప్పాడు.

కట్లు విప్పాక ఒక మధ్యాహ్నం చిన్నాయన నేను పని చేసుకునే గదికి వచ్చాడు. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునే వాళ్ల పిల్ల విమానమొకటి చప్పుడు చేస్తూ పోయేదాకా తాడు మీది బొమ్మలు చూశాడు. తర్వాత స్టూలు లాక్కొని కూర్చొని, చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

“నా బొమ్మ ఎయ్యి బిడ్డా. చెయ్యి మంచిగ కనవడాలె.”

“ఎన్ని కొట్టాలె చిన్నాయనా?”

“ఒక్కటే. మీ బాపుకియ్యి. నాకొద్దు, నా కాడ చెయ్యే ఉన్నది గద.”

వేశాను. నా రంగులకు నీడలుండవు, జాలి కూడా ఉండదు. నిమ్మపండు పసుపు ముఖం, చిలకపచ్చ చొక్కా, ఛాతీ మీద గులాబీ చెయ్యి, రెండు వేళ్లు ఉండాల్సిన చోట ఉత్త కాగితం. ఒక్కటే తీశాను. ఆ బొమ్మనూ దాని స్క్రీన్‌నూ తీసుకుపోయి దుకాణంలో మొద్దు మీద పెట్టాను.

“ఒక్కటే కొట్టిన బాపు. ఇగ దీన్ని కోసెయ్యాలె. కోసుడు నీ పని గద.”

కావాలనే అన్నాను. ఆయనను గుచ్చాలనే అన్నాను. బాపు కత్తి తీసుకున్నాడు. స్క్రీన్ గుడ్డలో తమ్ముడి ముఖం లీలగా కనిపిస్తోంది. కత్తి మొన దాని నుదుటి మీదికి పోయి ఆగింది. కత్తిని మొద్దు మీద పెట్టి, స్క్రీన్‌ను రెండు చేతులతో ఎత్తి నాకిచ్చి, లోపలికి పోయి నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. అప్పటి నుంచి అది నా గదిలోనే ఉంది. నేనూ కోయలేదు. నా నియమాన్ని తప్పింది ఆ ఒక్కసారే.

బొమ్మను ఆయనే మేకు కొట్టి, తరాజు పైన, గిరాకీల కళ్లకెదురుగా వేలాడగట్టాడు. చిన్నాయన తన దుకాణంలో ఎడమచేత్తో కోయడం నేర్చుకుంటున్నాడు. ఇద్దరూ ఇంకా మాట్లాడుకోలేదు. రాత్రి దుకాణం కట్టేటప్పుడు బాపు షట్టర్ దించడం ఆపి, అవతలి షట్టర్ దిగేదాకా చూస్తాడు.

మొన్న ఆదివారం బడంగ్‌పేట్ కొత్త కాలనీ నుంచి ఒకామె వచ్చి కిలో బోటీ చెప్పి బొమ్మ వైపు చూసింది.

“మస్తుగుంది. ఎవరే అన్నా ఆయన?”

“నా తమ్ముడు.”

“అయ్యో, రెండు వేళ్లు లేవేంది? ఏమైంది?”

బాపు బోటీ కడగడం ఆపలేదు. “నేనే నరికిన,” అన్నాడు. ఎవరు అడిగినా అంతే చెబుతాడు.