పెద్దాయన చొక్కా జేబు

కాదు, అత్త ముందే కనిపెట్టిందన్న మాట మాత్రం నేను చచ్చినా ఒప్పుకోను. జేబు చూసింది, నిజమే. చూసి ఏమంది? టైలర్‌ని తిట్టింది! ఆ సంగతి అందరూ మర్చిపోయి, నాలుగేళ్లుగా ఎవరింట్లో ఏ ఫంక్షన్ జరిగినా నన్ను మధ్యలో కూర్చోబెట్టి నవ్వుతున్నారు. సరే, మీకు మొదటి నుంచీ చెబుతాను, మీరే తేల్చండి. ఆ రోజుల్లో అంటే (నవ్వకండి, నాలుగేళ్లు తక్కువేం కాదు, ఈలోగా మూడు ఫోన్లు మార్చాను) నాకు కోపం ఇప్పటికంటే ఎక్కువ, తెలివి ఇప్పుడున్నంతే. హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగం. ఏసీ ఎంతలో పెట్టాలన్న విషయం మీద రూమ్మేట్లతో గొడవపడి, బ్యాగు సర్దుకుని, ఇంటి నుంచే పని కదా అని పెద్దమందడిలో ఉన్న మా మేనత్త ఇంటికి వచ్చేశాను. అత్త ఊళ్లో టైలర్. మామయ్యది వ్యవసాయం. నాది ల్యాప్‌టాప్ చంకలో, ఫోన్ చేతిలో పెట్టుకుని సిగ్నల్ కోసం మిద్దెమీద తిరగడం.

అలా మిద్దెమీద తిరుగుతున్న ఒక మధ్యాహ్నమే కొంప మునిగింది. ఆన్‌లైన్ మీటింగ్‌లో మా సారు, కంపెనీల మధ్య జరిగే గోల్ఫ్ పోటీకి మా జట్టులో ఒక మనిషి తగ్గారని చెప్పాడు. మా టీమ్‌లో ఒకడున్నాడు, వాడిని నేను మ్యూట్ బాబు అనేదాన్ని. ఎప్పుడూ మ్యూట్‌లో ఉండి, ఎవరినైనా పొడవాలంటేనే నోరు తెరుస్తాడు. వాడు ఆ రోజు నోరు తెరిచి, "మేడమ్ ఇప్పుడు ఊళ్లో ఉన్నారు కదా సార్, అక్కడ బర్రెలతో ఆడుతున్నారేమో" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. "నేను గోల్ఫ్ ఆడతాను సార్, నా పేరు రాసుకోండి" అనేశాను. అప్పటివరకు గోల్ఫ్ కర్రను నేను టీవీలో కూడా సరిగ్గా చూడలేదు. సారు సంతోషపడి, "నెలలో బెంగళూరు వెళ్తాను, మీ ఊరు హైవే పక్కనే కదా, ఆగి నీ స్వింగ్ చూసి ఖాయం చేస్తా" అన్నాడు. అంటే నెలరోజుల్లో నేను గోల్ఫ్ నేర్చుకోవాలి, లేదా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బర్రెల మేడమ్ అనిపించుకోవాలి.

ఆ సాయంత్రమే ఫోన్‌లో వెతికితే పెద్దాయన దొరికాడు. ఆయన పేరు చెప్పను, గోల్ఫ్ తెలిసినవాళ్లు ఆ పేరు వింటే లేచి నిలబడతారట. ఎప్పటిదో నలుపూ తెలుపూ వీడియో, నలభై సెకన్లు. తెల్లటోపీ, పొట్టిచేతుల చొక్కా, ముఖం మసక. కానీ ఆ స్వింగ్! కర్ర మెల్లగా, తొందరేమీ లేనట్టు పైకి పోతుంది, అక్కడ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టు ఆగుతుంది, తర్వాత ముందు నడుము, దాని వెనక భుజాలు, వాటి వెనక చేతులు, అన్నీ వరుస తప్పకుండా తిరిగొస్తాయి. బంతి ఎటు పోయిందో ఆయన చూడను కూడా చూడడు, తన పని అయిపోయినట్టు నిలబడతాడు. ఆ వీడియోను నేను మామూలుగా, సగం వేగంతో, పావు వేగంతో, ఒక్కో బొమ్మా ఆపుకుంటూ చూశాను. నోట్సు రాసుకున్నాను: కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద, కర్ర ఎడమ భుజం మీదుగా పైకి. అన్నం తినే నా చేతివాటానికి అది బొత్తిగా ఎదురు. మిగతా ఆటగాళ్లు దాదాపు అందరూ రెండోవైపు నిలబడుతున్నారని గమనించకపోలేదు. (గమనించాను. అదే నా దురదృష్టం.) అందరూ ఒకవైపు నిలబడితే ఈయన ఇంకోవైపు నిలబడ్డాడు, అందుకే ఈయన పెద్దాయన అయ్యాడు, అసలు రహస్యం నాకు దొరికింది అనుకుని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు మిషన్ మీద బ్లౌజు కుడుతున్న అత్త ముందు గర్వంగా ఫోన్ పెట్టాను. అత్త కళ్లద్దాలు సర్దుకుని, కర్రను చూడలేదు, నడుమును చూడలేదు.

"ఏమే కోడలా, గాయన అంగీకి జేబు కుడిదిక్కు ఉన్నదేంది?"

"అత్తా, స్వింగ్ చూడమంటే జేబు చూస్తావేంటి?"

"గుండీల పట్టీ గూడ ఉల్టానే ఉంది, జూడు. నీ అంగీ తీరు, ఆడోళ్ల తీరు. గంత పెద్ద మనిషికి గసొంటి టైలర్ దొరికిండా? నేనైతే గుడ్డ పైసలు గూడ వాపస్ ఇస్తుంటి."

"ఆయన కొట్టిన బంతిని ప్రపంచమంతా చూసింది. నీకు గోల్ఫ్ తెలియదు, ఊరుకో."

"గోల్ఫ్ తెల్వదు బిడ్డా. జేబు తెల్సు" అని మళ్లీ మిషన్ తొక్కింది.

ఇదీ జరిగింది. ఇందులో కనిపెట్టింది ఎక్కడుంది చెప్పండి?

నా సాధన మామయ్య పల్లి పీకేశాక ఖాళీగా ఉన్న మెట్టచెలకలో మొదలైంది. మామయ్య చింతకొమ్మ ఒకటి కొట్టి, కింద వంకర ఉన్నచోట ఒకవైపు గొడ్డలితో చదును చేసి ఇచ్చాడు. నేను ఎటు నిలబడుతున్నానో చూసి, సరిగ్గా ఆ వైపే చదును చేశాడు. బంతులు లేవు కాబట్టి వంటింట్లో ఊరగాయకని తెచ్చిపెట్టిన పచ్చి నిమ్మకాయలు ఎత్తుకెళ్లాను. ఫోన్ గట్టు మీద రాయికి ఆనించి, పెద్దాయన్ని పెట్టుకుని, పొద్దున గంట, సాయంత్రం గంట. మొదటి మూడు రోజులు మట్టి లేచింది తప్ప నిమ్మకాయ లేవలేదు. నాలుగో రోజు లేచింది. ఇక ఆగానా, డజన్ల కొద్దీ నిమ్మకాయలు చెలకంతా వెదజల్లాను. మర్నాడు పల్లి కట్టె ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీదే నిలబడిపోయారు.

"అన్నా, మేం రాము" అంది వాళ్లలో పెద్దామె మామయ్యతో. "చెలక నిండా నిమ్మకాయలు పడున్నయ్. ఎవడో మస్తు గట్టిగ జేసిండు నీకు."

"ఎవడు జెయ్యలే అక్కా, మా కోడలు పిల్ల జేసింది."

"అయ్యో! సొంత కోడలేనా?"

మామయ్య పరేషాన్ అయి, ఒక నిమ్మకాయ ఏరి, అంగీకి తుడుచుకుని, వాళ్ల ముందే కొరికి రసం పీల్చాడు. ముఖం అష్టవంకరలు తిరిగింది. "జూడుండ్రి, ఏం గాలె" అన్నాడు కళ్లు మూసుకునే. అయినా వాళ్లు అన్నీ నాతో ఏరించాకే చెలకలో కాలు పెట్టారు. ఆ పెద్దామె వెళ్లేటప్పుడు నన్ను కిందికీ మీదికీ చూసి, "పట్నంల పని జాస్తి అయితే గిట్లయితరు, దవాఖానకు తీస్కపో అన్నా" అని సలహా కూడా ఇచ్చింది. ఆ రాత్రి అత్త మిషన్ మామూలు కంటే గట్టిగా, చాలాసేపు మోగింది. పొద్దున చూస్తే నా మంచం పక్కన గుడ్డ బంతులు పన్నెండు. బ్లౌజు పీలికలన్నీ చుట్టి, గట్టిగా కుట్టేసింది. ఎరుపు, పసుపు, నెమలి రంగు. "నిమ్మకాయలు ముట్టకు" అంది, అంతే.

నెల తిరిగింది. సారు కారు నిజంగానే వచ్చి ఇంటిముందు ఆగింది. అత్త చాయ్ ఇచ్చింది, మామయ్య పల్లికాయ ఉడికించి పెట్టాడు. చెలక గట్టు మీద అప్పటికే ఊరు సగం కూర్చుంది, నిమ్మకాయల పెద్దామె అందరికంటే ముందు. సారు డిక్కీలోంచి సంచి తీసి, చాయ్ గ్లాసుతోనే చెలకకు వచ్చి, మెరిసిపోతున్న ఇనుప కర్ర ఒకటి నా చేతికిచ్చి, తెల్లబంతి నేలమీద పెట్టాడు. నేను పెద్దాయన్ని తలుచుకుని నిలబడ్డాను. కర్ర ముఖం బంతివైపు లేదు, అటు తిరిగి ఉంది. తిప్పి పట్టుకున్నాను, కర్ర ముక్కు నేలలో దిగింది.

"సార్, మీ కర్ర తప్పుగా చేశారు" అన్నాను.

"ఏంటి?"

"వెనక్కి తిరిగి ఉంది సార్. ఇది డిఫెక్ట్ పీస్. మార్చి ఇవ్వమనండి."

సారు నా కాళ్లు చూశాడు, చేతులు చూశాడు. "నువ్వు ఎడమచేతి వాటమా? చెప్పలేదే?"

"కాదు సార్, ఇది పెద్దాయన స్టైల్. ఆయన ఇలాగే నిలబడతాడు. మీకు తెలియకపోవచ్చు" అని (అవును, సారుతోనే అన్నాను) ఫోన్ తీసి చూపించాను. సారు రెండు సెకన్లు చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత మనిషి గట్టు మీద కూలబడ్డాడు.

"ఇది తిప్పేసిన వీడియో అమ్మా! వేరేవాళ్ల వీడియో దొంగిలించి పెట్టేవాళ్లు పట్టుబడకుండా ఇలా అద్దంలోలాగా తిప్పేస్తారు. ఆయన అందరిలాగే కుడిచేతి వాటం."

అప్పుడు అత్త గొంతు వినిపించింది. "అయితే టైలర్ తప్పేం లేకపాయె! పాపం, ఊకెనే తిట్టిన గాయన్ని."

ఊరంతా నవ్వింది. నేను కోపంగా రెండోవైపు నిలబడి, కుడిచేతి వాటంగా కొట్టాను. మట్టి లేచి సారు చాయ్‌లో పడింది. ఇంకోసారి కొట్టాను. ఈసారి మట్టి కూడా లేవలేదు. సారు మర్యాదగా వాచీ చూసుకున్నాడు. మ్యూట్ బాబు నవ్వు నాకు అక్కడికే వినిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, నేను ఏడవను, ఫోన్ చూసుకుంటాను. ఫోన్ చూసుకుంటున్నాను. అంతలో మామయ్య వచ్చి చింతకొమ్మ నా చేతిలో పెట్టాడు.

"గా ఇనుపది ఆయనది బిడ్డా. గిది నీది. గిదానితోటి కొట్టు."

పట్టుకున్నాను. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. నెలరోజుల అలవాటు, ఒళ్లు దానంతట అదే తిరిగింది. మెల్లగా పైకి, ఒక్క క్షణం ఆగి, ముందు నడుము, తర్వాత భుజాలు, తర్వాత చేతులు. టక్కుమంది. ఎటు పోయిందో నేను చూడలేదు, పెద్దాయనలాగే నిలబడ్డాను. "అమ్మో, అల్లంత దూరం కందిచేన్ల వడ్డది" అని పెద్దామె అరిస్తే తెలిసింది. సారు లేచి, ఇంకో బంతి పెట్టాడు. తర్వాత ఇంకోటి. మూడూ కందిచేను మింగేసింది. పెద్దామె చేనంతా వెతికి, ఒకటి పట్టుకొచ్చి సారు చేతిలో పెట్టి, "జర మంచిగ జూస్కో సారూ మా పిల్లను, గీ పిల్ల దగ్గర ఏదో ఉంది" అంది. నిమ్మకాయల అనుమానం ఇంకా పోలేదన్నమాట. సారు చాలాసేపు నా చింతకొమ్మనే తిప్పి చూశాడు. "స్వింగ్ ఆయనదేనమ్మా. అద్దంలో ఆయన" అన్నాడు. "ఎడమచేతి సెట్ ఎక్కడైనా అడిగి తెస్తాలే, వచ్చెయ్."

వెళ్లాను. ఎనిమిది జట్లలో మాకు ఏడో స్థానం. (ఎనిమిదో జట్టు రాలేదు.) అయినా నన్ను బర్రెల మేడమ్ అన్నవాళ్లు లేరు, మ్యూట్ బాబు మళ్లీ మ్యూట్‌లోకి పోయాడు. ఇప్పటికీ కుడిచేత్తో తింటాను, కుడిచేత్తో రాస్తాను, గోల్ఫ్‌లో మాత్రం ఎడమవైపు నిలబడతాను. చింతకొమ్మ నా ఫ్లాట్‌లో తలుపు వెనక ఉంది, నెమలిరంగు గుడ్డ బంతి ఆఫీసు బల్ల మీద ఉంది. ఎవరితోనైనా గొడవపడి ఫోన్ విసరబోయినప్పుడు ఆ బంతి పిసుకుతాను. అత్త దాన్ని అంత గట్టిగా ఎందుకు కుట్టిందో ఇప్పుడు అర్థమవుతోంది.

మొన్న పెద్దాయన అసలు వీడియో దొరికితే అత్తకు పంపాను. వెంటనే ఫోన్ చేసి, "ఇప్పుడు సక్కగుంది బిడ్డా, జేబు జాగల జేబున్నది" అని మురిసిపోయింది. నేను మాత్రం ఆ నలభై సెకన్లు ఎన్నిసార్లు చూసినా కుదుటపడలేకపోయాను. నాతో నెలరోజులు ఆ చెలకలో ఎండలో నిలబడ్డ మనిషి ఈయన కాదు. ఇటు తిరిగి నిలబడ్డ ఈయన నా కంటికి తప్పుగానే ఉన్నాడు. మీరైనా నిజం చెప్పండి, అంత ఒళ్లొంచి నేర్చుకున్నదాన్ని పట్టుకుని తప్పు నాదే అంటారా? అనండి, చూద్దాం?